మోసిన కాళ్ళు

నీలావతిని చంపింది ఎండ కాదు, డాక్టర్ కస్తూరి. చౌడయ్యకు ఇందులో అనుమానమేమీ లేదు.

రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నం, కాళ్ళకు చెప్పుల్లేకుండా, ఊరు దాటి, సరుగుడు తోటలు దాటి, సముద్రం దారిలో నడిచి నడిచి ఒక ఆడమనిషి కూలిపోతే వడదెబ్బ అనడం తేలిక. ఆస్పత్రివాళ్ళు అదే అన్నారు. పట్నంలోని నిద్ర పరిశోధన కేంద్రం నుంచి విచారణకు వచ్చిన ఇద్దరు పెద్దమనుషులూ అదే అన్నారు. పైగా ఇంకో మాట కలిపారు. "పట్టీ కట్టుకుని కదలకుండా పడుకోమన్నాం. మీ ఆవిడ పడుకోలేదు. నియమం తప్పింది ఆవిడే."

చౌడయ్య వాళ్ళకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

ఆ తర్వాత వానలు వచ్చి వెళ్ళాయి. మార్గశిరం వచ్చింది. ఒకనాటి పొద్దున రాజ్యం ఇడ్లీ గిన్నె పట్టుకుని వచ్చింది. నీలావతికి చెల్లెలు, చౌడయ్యకు మరదలు. పక్క వీధిలోనే కాపురం. గిన్నె అరుగు మీద పెట్టి, వెళ్ళకుండా నిలబడింది.

"ఏంది?" అన్నాడు చౌడయ్య.

"ఏం లేదు బావా."

"ఏం లేకపోతే స్తంభంలాగా నిలబడ్డావెందుకు?"

రాజ్యం కొంగు సర్దుకుంది. "రేపు పట్నం పోతన్నాం. మా ఆయనకి పట్టీ ఇత్తామన్నారు."

"రెండో పట్టీ ఎవరికి?"

రాజ్యం గిన్నె మూత సర్దింది.

"నీకా?"

"మరెవరున్నారు బావా? పక్కింటోళ్ళని అడగమంటావా, మా ఆయన కాళ్ళు కాసేపు మోసి పెట్టండని?"

"మీ అక్క పోయి ఏడాది తిరగలా."

"అక్క ఎండలో పోయింది. నేను ఎండలోకి పోను. సరేనా?"

చౌడయ్య గిన్నె ఎత్తి ఆమె చేతిలో పెట్టాడు. "తీసకపో."

రాజ్యం దాన్ని మళ్ళీ అరుగు మీదే పెట్టింది. "సూదేసుకున్నావా? ఏసుకునుంటే తిను. కళ్ళు తిరిగి పడితే మళ్ళీ నేనే రావాల."

సూది వేసుకున్నాడు. కాబట్టి తినాల్సిందే. కోపం వచ్చినప్పుడు గిన్నె విసిరికొట్టే సుఖం కూడా షుగరు రోగికి లేదు. చౌడయ్య గోడవైపు తిరిగి తింటుండగా రాజ్యం మొగుడు ఆంజనేయులు వచ్చాడు. అద్దకం షెడ్డులో పని చేస్తాడు. చేతులు మోచేతులదాకా నీలం. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. ఆ కళ్ళు చౌడయ్య రోజూ అద్దంలో చూసేవే.

"నీ పెళ్ళాం పోయిందని ఊళ్ళో ఇంకెవడూ నిద్రపోగూడదా అన్నా?" అన్నాడు ఆంజనేయులు.

"పో. పొయ్యి నీ పెళ్ళాన్ని గూడా చంపుకో."

"ఛీ, ఏం నోరయ్యా అది!" అని రాజ్యం మొగుణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

ఆ జబ్బు లేనివాడికి దాని సంగతి చెబితే నవ్వుతాడు. షుగరు ముదిరినవాళ్ళలో కొందరికి వస్తుంది. తిరిగినంతసేపూ ఏమీ ఉండదు. నడుం వాల్చగానే మొదలు. పిక్కల్లో చీమలు పాకుతాయి. ఎముక లోపల ఎవరో దూది ఏకుతున్నట్టు ఉంటుంది. కాలు కదిపితే పోతుంది, ఆపితే వస్తుంది. నిద్ర పట్టినా కాలు ఊరుకోదు, తనంతట తనే తన్నుతుంది. పక్కన పడుకునే నీలావతి మోకాళ్ళు చౌడయ్య తన్నులకు ఎప్పుడూ కమిలి ఉండేవి. "పోయిన జన్మలో నిన్ను గాడిదని చేసి బరువులు మోయించినట్టున్నా. ఇప్పుడు తీర్చుకుంటన్నావు" అనేది. మందులు వాడారు. మొదట పని చేశాయి, తర్వాత జబ్బే ఎక్కువైంది.

చౌడయ్య నేతగాడు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి తొక్కుడు చెక్కలు తొక్కుతున్నంతసేపూ ఆ బాధ ఉండేది కాదు. కానీ షుగరు కాలి వేలు తినేసింది. వేలు తీసేశాక చెక్క అందక, మగ్గం నీలావతి ఎక్కింది. నూలు కండెలు చుట్టడంతో పాటు నేత కూడా ఆమెదే అయింది.

అప్పుడే డాక్టర్ కస్తూరి పేరు విన్నారు. ఆ తహతహను చంపే మందు ఆమెకు దొరకలేదు. కానీ దాన్ని ఒకరి కాలిలోంచి తీసి ఇంకొకరి కాలిలోకి పంపవచ్చని కనిపెట్టింది. రెండు పట్టీలు. ఒకటి రోగి మోకాలి కింద, రెండోది మోసే మనిషి మోకాలి కింద. మధ్యలో తీగ లేదు, దూరంతో పని లేదు. మోసే మనిషి మెలకువగా ఉన్నంతసేపూ రోగి కాళ్ళు చల్లగా ఉంటాయి. అతను నిద్రపోతాడు.

"మరి మోసేవాళ్ళకి ప్రమాదం లేదా?" అని అప్పుడు చౌడయ్యే అడిగాడు.

కస్తూరి నవ్వింది. "పడుకుని మోయాలి. ఆ బాధ ఎవరూ ఎక్కువసేపు ఓర్చుకోలేరు. ఓపిక అయిపోగానే వాళ్ళే పీకేస్తారు. దీనికి వేరే తాళం అక్కర్లేదు."

నీలావతి ఆ గదిలో మంచం మీద పడుకుని పట్టీ కట్టించుకుంది. కాసేపు పైకప్పు చూసింది. పెదవి కొరికింది. ఉన్నట్టుండి లేచి కూర్చుని పట్టీ పీకి, చౌడయ్యవైపు చూసింది.

"ఇదా నువ్వు ఇన్నేళ్ళూ పడ్డది?"

"ఊఁ."

"చెప్తే నీ గోల అనుకున్నా గానీ, ఇంత అనుకోలేదయ్యా." ఆమె కళ్ళు తుడుచుకుంది. కస్తూరి ఆ కన్నీళ్ళు చూసి సంతోషించింది. పట్టీ పని చేస్తోందన్నమాట.

ఇంటికొచ్చాక నియమం ప్రకారమే చేశారు. పొద్దున ఆమె నులక మంచం మీద, అతను నవారు మంచం మీద. ఆమె ఓర్చుకున్నంతసేపు అతను కునుకు తీసేవాడు. ఆమె పట్టీ పీకగానే అతని కాళ్ళు మళ్ళీ మొదలు. ఆ చాలీచాలని నిద్ర అతన్ని ఇంకా పిచ్చివాణ్ణి చేసింది.

ఒకరోజు నీలావతి అంది: "ఏవయ్యా, నువ్వు మగ్గంలో కూకున్నప్పుడు నీకు బాధుండేది కాదుగా?"

"లేదు."

"మరి నేను కూకున్నా ఉండదుగా?"

నేతగాళ్ళ ఇంట్లో తప్ప ఈ ఆలోచన ఇంకెక్కడా పుట్టదు. పట్టీ కట్టుకుని గుంటలోకి దిగింది. తొక్కడం మొదలుపెట్టింది. "అబ్బే, ఏమీ లేదయ్యా. హాయిగా ఉంది. పడుకో" అంది. చౌడయ్య పడుకున్నాడు. లేచేసరికి దీపాల వేళ అయింది. నీలావతి ఇంకా నేస్తూనే ఉంది. ఎన్నడూ లేనంత గుడ్డ దిగింది.

అలా వేసవి వచ్చింది. చౌడయ్యకు ఒళ్ళు వచ్చింది. షుగరు కూడా తగ్గింది. నీలావతి చిక్కింది. నిలబడి అన్నం తినేది. పప్పు ఎనుపుతూ మడమలు ఆడించేది. పట్టీ తీశాక కూడా ఆ కదలిక ఆమె కాళ్ళలో కొంత మిగిలిపోయేది. "కూకో కాసేపు" అంటే "కూకుంటే తోచట్లేదయ్యా" అనేది. నూలు తేవడానికి, ఉప్పు తేవడానికి, ఏమీ తేవడానికి కాక కూడా బయటికి వెళ్ళేది. ఆ మధ్యాహ్నం పడుగులో పోగులు తెగి మగ్గం ఆగింది. కాళ్ళు ఆగలేదు. లేచి వెళ్ళింది. చౌడయ్య నిద్రలో ఉన్నాడు. కబురు తెచ్చినవాళ్ళు అతన్ని లేపలేక మొహాన నీళ్ళు కొట్టారు.

ఇడ్లీ గిన్నె దగ్గర గొడవైన మరునాడు పట్నం బస్సులో ఆంజనేయులు, రాజ్యం ముందు సీటులో కూర్చున్నారు. చౌడయ్య వెనక సీటులో కూర్చున్నాడు. పలకరింపుల్లేవు.

కస్తూరి గదిలో అద్దాల బీరువా నిండా పట్టీలు ఉన్నాయి. సంక్రాంతి తర్వాత అన్ని జిల్లాల్లోనూ ఇస్తారట. చౌడయ్యను చూసి ఆమె లేచి నిలబడింది.

"చౌడయ్య గారూ, మీకు జరిగిన దానికి..."

"దాని కోసం రాలా. ఈ పిల్లకి ఇయ్యొద్దని చెప్పడానికొచ్చా."

రాజ్యానికి మనవలు ఉన్నారు. అయినా చౌడయ్యకు ఆమె పిల్లే.

"విచారణ జరిగింది కదండీ," అంది కస్తూరి. "పట్టీలో లోపం లేదు. అప్పుడు ఎండ కూడా..."

"మోసేవాళ్ళని ఎట్టా చూశారు మీరు?"

"పడుకోబెట్టి చూశాం. కూర్చోబెట్టి చూశాం. ఎవరూ ఓర్చుకోలేకపోయారు. పీకేశారు."

"కాళ్ళాడిస్తా ఉంటే?"

కస్తూరి బల్ల మీది కాగితాలు సర్దింది. "ఆడించకూడదనే కదా నియమం."

"మగ్గం ఎప్పుడన్నా చూశారా?"

"ఫొటోల్లో చూశాను."

"ఫొటోలో మగ్గం ఆడదమ్మా." చౌడయ్య గొంతు పెంచలేదు. "మీరొచ్చి మా గుంటలో కూకోండి. నా జత పట్టీ మీరు కట్టుకోండి. నేను పడుకుంటా. ఇప్పుడు ఎండ లేదు. ఏమన్నా జరిగితే దాని మీదకి తొయ్యడానికి లేదు."

ఆంజనేయులు కుర్చీలోంచి లేచాడు. "అన్నా, ఇదేం పంతం! ఆమె డాక్టరు!"

"అందుకే. మా ఇంటిది ఏం చదువుకోలా. ఏం జరిగిందో చెప్పేలోపే పోయింది. ఈమె చదువుకుంది, చెబుతుంది."

కస్తూరి మొహం ఎర్రబడింది. బీరువావైపు చూసింది, రాజ్యంవైపు చూసింది. "వస్తాను. నాకేమీ కాకపోతే మీరు వీళ్ళకు అడ్డు రాకూడదు. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటా. ఏమన్నా అయితే?"

"అయితే ఈ బీరువా తాళం తియ్యను."

అన్నమాట ప్రకారం వచ్చింది, రాజ్యం దంపతులకివ్వాల్సిన జత పట్టీలతో సహా. పంజాబీ డ్రెస్సు, జడ ముడి. డ్రైవరును టీ తాగి రమ్మని పంపేసింది. మగ్గం గది గుమ్మంలో నిలబడి గుంటను చూసి "ఇందులోనా?" అంది.

"దిగు తల్లీ. పాముల్లేవులే," అంది రాజ్యం. "ఈ కాలు నొక్కితే ఈ వరస లేస్తది. కండె పెట్టిన ఈ నాడె ఇటు విసరాల. ఆ కాలు నొక్కితే ఆ వరస. పోగులు తెంపావో, మా బావ నిన్ను తెంపుతాడు."

కస్తూరి నవ్వింది. పట్టీ కట్టుకుంది. ముందు ఊరికే కూర్చుంది. చౌడయ్య తన పట్టీ కట్టుకుని మంచం మీద వాలగానే ఆమె మొహం మారింది. తొడల మీద గోళ్ళు దిగాయి.

"అబ్బా! దీన్ని ఎవరూ..." అని చెయ్యి పట్టీ మీద వేసింది.

"తొక్కు," అన్నాడు చౌడయ్య.

తొక్కింది. చెక్కల చప్పుడు కుంటుతూ మొదలైంది. చౌడయ్య కళ్ళు తెరిచే పడుకున్నాడు. ఏమీ జరగదేమోనన్న భయం అతనికి లేదు. నిద్ర పడుతుందేమోనని భయం. నీలావతి పోయాక ఆ పట్టీ ముట్టుకోలేదు. గోడకు ఆనుకుని కూర్చుని తెల్లవార్లు కాళ్ళు నేలకేసి రాసుకున్నాడు. అది తనకు తగిన శిక్ష అనుకోలేదు. శిక్ష వేరొకళ్ళకు పడాలి. కానీ ఆ బాధ ఉన్నంతకాలం నీలావతి మోసింది ఏమిటో తనకు గుర్తుంటుంది. అంతే.

చప్పుడు మెల్లగా చదునైంది. "ఏమీ లేదండీ. పోయింది. హాయిగా ఉంది," అన్న కస్తూరి గొంతు వినిపించింది. అవే మాటలు. చౌడయ్య లేవాలనుకున్నాడు. అప్పటికే అతని పిక్కల్లోంచి చీమలన్నీ బారులు తీరి వెళ్ళిపోయాయి. బావిలోకి చేద దిగినట్టు దిగిపోయాడు.

"అన్నా! లే! లే అన్నా!"

ఎవరో చెంపలు వాయిస్తున్నారు. చౌడయ్య కళ్ళు తెరిస్తే ఆంజనేయులు. వాడి చేతిలో తన పట్టీ ఉంది. పీకేశాడు. గదిలోకి సాయంత్రపు ఎండ వాలింది. గుంట ఖాళీ. నాడె నేల మీద పడి ఉంది.

"ఏదీ?"

"పోయింది. గుంటలోంచి లేచి నవ్వుకుంటా పోయింది. రాజ్యం వెనకమాల ఉరికింది. నిన్ను లేపుదామంటే శవంలాగా ఉన్నావు! చివరికి తోచి పట్టీ పీకా."

చౌడయ్య చేతికర్ర కోసం వెతికాడు. కుంటుకుంటూ ఊరి చివరికి చేరేసరికి ఆటో ఒకటి ఎదురొచ్చి ఆగింది. లోపల రాజ్యం, ఆమె భుజం మీద కస్తూరి తల. చెప్పుల్లేవు. అరికాళ్ళు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. సల్వారు అంచులు బురద.

రాజ్యానికి ఊపిరి ఆడడం లేదు. అయినా మాట్లాడకుండా ఉండలేదు. "తొక్కుతా తొక్కుతా ఉంది బావా. చాల్లే తల్లీ అన్నా. ఇంకొంచెం అంది. తీసెయ్యి అంటే ఎందుకు అంది. నేను పట్టుకోబోతే నా చెయ్యి విదిలించుకుని లేచింది. నడక గాదు అది. వెనకమాల ఎవరో తోలుతున్నట్టుంది. నేను కేకలేస్తే వెనక్కి తిరిగి నవ్విద్ది, మళ్ళీ పోద్ది. ముళ్ళకంప తొక్కినా ఆగలా. సరుగుడు తోటల కాడికి పోయినాక ఉన్నట్టుండి కరెంటు పోయినట్టు నిలబడిపోయింది. 'నేనెక్కడున్నాను?' అంది."

అప్పుడే ఇక్కడ ఆంజనేయులు పట్టీ పీకింది.

చౌడయ్యకు అది అర్థం కావడానికి క్షణం పట్టింది. ఆ రోజు కూడా ఎవరైనా తన కాలి పట్టీ పీకి ఉంటే నీలావతి ఆగిపోయేది. ఎక్కడున్నానో అని చుట్టూ చూసుకునేది. తిట్టుకుంటూ ఇంటికొచ్చేది. పీకడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఉన్న ఒక్కడూ నిద్రపోతున్నాడు.

కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

కస్తూరి కాళ్ళు పసుపు నీళ్ళ బేసినులో పెట్టారు. ఆమె మగ్గం గది గడప మీద కూర్చుంది. బేసినులో కాలివేళ్ళు ఇంకా కదులుతున్నాయి. ఆమె వాటిని చేత్తో నొక్కిపెట్టింది.

"కదిలే కాలు ఎక్కువ లాక్కుంటుంది," అంది. "కదిలేకొద్దీ మీ దగ్గరనుంచి ఆ తహతహ ఇంకా ఇంకా వస్తుంది. వచ్చేకొద్దీ ఇంకా కదలాలనిపిస్తుంది. బాధ లేదు కాబట్టి తీసెయ్యాలని తోచదు. నాకు తోచలేదు. ఆగితే చచ్చిపోతాననిపించింది. నాకు అంతా తెలిసి కూడా." చౌడయ్యవైపు తిరిగింది. "మీ ఆవిడ తప్పు చెయ్యలేదు. నేను చూడాల్సింది చూడలేదు."

"ఆ ముక్క ఆ ఇద్దరు పెద్దమనుషులకి చెప్పండి."

"చెబుతాను. రాతపూర్వకంగా ఇస్తాను. బీరువా తెరవను. క్షమించమని..."

"అడగబాకండి."

ఆమె అడగలేదు.

రాజ్యం లోపలికి వెళ్ళి సంచిలోంచి తన కోసం ఇచ్చిన కొత్త పట్టీ తెచ్చి కస్తూరి ఒడిలో పెట్టింది. మొగుడివైపు చూడకుండా పెట్టింది. ఆంజనేయులు జేబులో చెయ్యి పెట్టాడు. తర్వాత తన పట్టీ కూడా తీసి ఆ పక్కన పెట్టాడు. పెట్టిన చెయ్యి వెంటనే రాలేదు. కాసేపు దాని మీదే ఉంది.

కారు వెళ్ళిపోయింది. రాజ్యం "ఇద్దరూ సూదులేసుకోండి, అన్నం పెడతా" అని వంటింట్లోకి పోయింది. తోడల్లుళ్ళు ఇద్దరూ అరుగు మీద మిగిలారు. దీపాల వేళ అయింది. ఇద్దరి కాళ్ళూ మొదలుపెట్టాయి. చౌడయ్య మడమలు గోడకేసి రాస్తున్నాడు. ఆంజనేయులు మోకాళ్ళు ఆడిస్తున్నాడు.

"అన్నా," అన్నాడు ఆంజనేయులు.

"ఊఁ."

"నేనింక అడగను. పట్టీ మాటెత్తను. రాజ్యం మీదొట్టు."

"మంచిది."

"ఒక్కటి చెప్పు. నువ్వా నిద్ర పోయావు. నేను పోలేదు, ఇక పోను గూడా." వాడి గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయింది. "ఎట్టా ఉంటదన్నా?"

చౌడయ్య కాళ్ళు ఆగాయి. ఆగగానే పిక్కల్లో చీమలు ఎగబాకాయి. కదపలేదు. పాకనిచ్చాడు. ఆ సాయంత్రం ఎంత లోతుకు పోయాడో, ఎంత చల్లగా ఉందో, ఆంజనేయులు చెంప మీద కొట్టినప్పుడు తనకు ముందుగా వచ్చిన కోపం ఎందుకొచ్చిందో అతనికి తెలుసు. నీలావతి నడుస్తున్న మధ్యాహ్నం కూడా సరిగ్గా అలాగే ఉంది.

"చెప్పన్నా."

"చెప్పను," అన్నాడు చౌడయ్య. "నువ్వడిగినా చెప్పను, ఆ డాక్టరొచ్చి అడిగినా చెప్పను. ఆ నిద్ర సంగతి, ఆ పట్టీ సంగతి, మా ఇంటిదాని నడక సంగతి ఇక ఎవడూ నా దగ్గర ఎత్తొద్దు. చచ్చేదాకా నా నోట రాదు."

ఆంజనేయులు ఇంకేదో అనబోయాడు. చౌడయ్య లేచి, కర్ర అందుకుని, చీకటి పడుతున్న వీధిలో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు.